అటక మీద గూబ

ఆ బ్యాగు అట్ల గడపకు అడ్డంగా పెట్టొద్దు చెంచమ్మా. ఎవరన్నా తట్టుకొని పడితే దానికీ శకునం అంటావు. పక్కకు జరుపు. పోదాంలే, పోవద్దని నేనన్నానా? రైలు పొద్దుగూకినాక గదా. ముందు ఇట్ల వచ్చి అరుగు మీద కూర్చో.

అసలు మీ తమ్ముడు ఆదెయ్యకు ఏం చెప్పినావు నువ్వు? నేను ఫోన్లో వస్తున్నా అన్నాను. అంతే. తీసుకపోను వస్తున్నా అనలేదు. ఆ తీసుకపోవడం నువ్వు కలిపినావు, దానికి ఆదెయ్య ఇంకో నాలుగు కలిపినాడు. నేను దొనకొండ స్టేషన్లో దిగి ఈ వీధి మలుపు తిరిగేసరికి, "వచ్చినావా మాలకొండయ్య బావా, అక్కను తీసుకపోను" అని ప్రతి గుమ్మంలోంచి ఒకటే పలకరింపు. నేనేం చెప్పాల? నవ్వి తల ఊపినా. అది అవునో కాదో వాళ్ళే తేల్చుకోనీ.

మజ్జిగ ఇయ్యి. ఏంది, ఉప్పు వెయ్యలేదా? ఉండనీ. కోపంలో ఇచ్చిన మజ్జిగ ఇట్లనే ఉంటది.

బండి గూడా ఇయ్యాల సరిగ్గా రాలేదు. మార్కాపురం రోడ్డులో ఎక్కితే గజ్జెలకొండ దగ్గర ఆపేసినారు. ఎదురుబండి రావాలంట. పక్కన వెలిగండ్ల ఆయన ఒకడు కూర్చొని, తన కందిచేనులో పూత ఎట్ల రాలిందో ఒక్కొక్క సాలు వరసన చెప్పుకొచ్చినాడు. నేను ఊఁ కొడుతూనే ఉన్నా. మనసంతా ఈ మాట నీకు ఎట్ల చెప్పాలనే.

ఏ మాటా? చెప్తా. వరసగా చెప్తా. మధ్యలో నుంచి చెప్పడం నాకు రాదు, నీకు తెలుసు. మొత్తం ఇను. ఇన్నాక ఈ రైలుకు నాతో వస్తావో, కొన్నాళ్ళు ఇక్కడనే ఉంటావో నువ్వే తేల్చు.

ఇక్కడ ఉండేదేంది అని అట్ల చూడొద్దు. ఇనమంటిని గదా.

గూబ మన అటకలో జొరబడింది దీపావళి అయిపోయినాక. దాన్ని మొదట చూసింది నువ్వే. ఎండుమిరప బస్తా దించుదామని నిచ్చెన ఎక్కితివి, చీకట్లో రెండు కళ్ళు చూస్తివి, ఇంక దిగేటప్పుడు నీ కాళ్ళకు నిచ్చెన తగిలిందో లేదో నాకు అనుమానమే.

పంతులు ఏమన్నాడు? గూబ జొరబడిన ఇల్లు మూడు నెలలు పాడుబెట్టాల, తాళం వేసి అందరూ వేరేచోట ఉండాల, గడువు తీరి, పిట్ట పోయినాక శాంతి చేయించి పాలు పొంగిచ్చాల అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే నువ్వు చీరలు మడత పెడుతున్నావు.

నేనేమంటిని? బీయస్సీ చదివినోణ్ణి, పిట్టకు భయపడి కొంప వదిలిపోయేదేంది అంటిని. "అయితే నీ చదువే వండుకొని తిను" అని నువ్వు ఆటో ఎక్కితివి. ఊరంతా ఇన్నారు ఆ మాట. నేను అదే వండుకుంటున్నా అప్పటినుంచి. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోస్తా, నీళ్ళు ఎక్కువైతే అదే చారు అనుకుంటా.

చదువంటే గుర్తొచ్చింది. నేను కర్నూలులో చదివేటప్పుడు మన తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. జువాలజీ చెప్పే సారు, ఆయన పావురాన్ని కోసి లోపలి గాలి సంచులు చూపిచ్చేవాడు. పిట్ట అరుపు గొంతులోంచి రాదు నాయనా, ఇంకా కిందినుంచి వస్తది అని ఒక తిత్తిని చూపిచ్చినాడు. గూబల గురించి నోట్సులో ఒక పేజీ ఉండేది. పరీక్షల్లో రాదని ఎవరో చెప్తే నేను ఆ పేజీ తిప్పేసినా. ఇప్పుడు చూడు, బతుకంతా ఆ పేజీ మీదకే వచ్చి కూర్చుంది.

సరే, నువ్వు పోయినాక సంగతి.

మన గుట్టను తవ్వే సిమెంటు కంపెనీ వాళ్ళు పిట్టల సంస్థ వాళ్ళతో పొత్తు కుదుర్చుకున్నారని నీకు తెలుసు గదా. ఆ పొద్దు షామియానా వేసి అందరికీ పులిహోర పెట్టినారు. గుట్ట కంపెనీది, పిట్టలు సంస్థవి, పంటలో వాటాకు పొలం కోరుకిచ్చినట్టు. కంపెనీ రాయి తవ్వుకోవచ్చంట, కాని గుట్ట మీద అరుదైన జీవాలను గూడా కాపాడాలంట. ఇద్దరూ కలిసి కాపాడతారంట. వేటగాడు, కుందేలు ఒకే కంచంలో తిన్నట్టు ఫోటోలు దిగినారు.

పాత పలకరాళ్ళ గుంత పక్కన పిట్టల పార్కు కట్టినారు. నేను పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ గుంతలోంచే మనకు రాయి వచ్చేది. ఇప్పుడు దాని గోడకు సిమెంటుతో గూళ్ళు పోసి, రాయి రంగు వేసినారు. గూబలు వచ్చి అందులో కాపురం పెట్టాలంట. ప్రారంభం రోజు కంపెనీ పెద్దాయన తెల్ల పావురాన్ని ఎగరేసినాడు. అది షామియానా దాటకముందే డేగ వచ్చి తన్నుకపోయింది. చప్పట్లు కొట్టాల్నా వద్దా అని కొంచెంసేపు ఎవరికీ తెలీలేదు.

ఆ గూళ్ళలో గూబలు రాలేదు. ఊళ్ళో కోడిపెట్టలు పోయి గుడ్లు పెట్టినాయి. ఆడోళ్ళు పొద్దున్నే గంప తీసుకొని పార్కుకు పోయి గుడ్లు ఏరుకొచ్చేవాళ్ళు.

వాళ్ళు రావాలనుకున్న గూబ మన అటకలో ఉందని ఎట్లనో తెలిసింది. నువ్వు ఆటో ఎక్కిన వారానికే ఒక పిల్ల వచ్చింది. పేరు కావ్య. పిట్టల సంస్థ పిల్ల. మంచి పిల్ల, నన్ను తాతగారూ అంటది. కిటికీలోంచి గూబను చూసి ఆ పిల్ల ఏడ్చింది చెంచమ్మా. దాన్ని చూసి నువ్వు ఏడిస్తివి, ఆ పిల్లా ఏడ్చింది. ఒకే పిట్ట.

దాని వెనకనే కంపెనీవాడు వచ్చినాడు, సురేష్ అని. వాడి ఉద్యోగమే పర్యావరణం చూసుకొనేదంట. వాడు అటక వైపు చూసి, అక్కడినుంచి గుట్ట వైపు చూసి, నోట్లో వేపపుల్ల నమిలినట్టు ముఖం పెట్టినాడు.

ఎందుకంటే పొత్తు మాట ఒకటి ఉంది. ఆ జాతి గూబ ఎక్కడ కాపురం ఉంటే అక్కడినుంచి అర కిలోమీటరు లోపల రాయి పేల్చకూడదు. అది ఉన్నంతకాలం పేల్చకూడదు, పోయినాక పేల్చుకోవచ్చు. ఆ మాట రాసుకొనేటప్పుడు గూబ వాళ్ళ సిమెంటు గూట్లో ఒక మూలకు కూర్చుంటదిలే అనుకున్నారు. అది మన అటకలో కూర్చుంది. మన అటక నుంచి అర కిలోమీటరు అంటే గుట్టకు తూర్పు పక్క మొత్తం. కంపెనీకి మంచి రాయి అంతా అక్కడే.

మరుసటి రోజునుంచి పేలుళ్ళు బంద్.

అవును, మొత్తం బంద్. నీకు నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని అలవాటుగా కంచం పట్టుకున్నా. అది ఎగరలేదు.

మన వంటింటి గోడ పగులు ఉంది గదా, నువ్వు క్యాలెండరు పెట్టి కప్పినావే, అది. దానికోసం నేను ఎన్ని ఆఫీసులు తిరిగినా నీకు తెలుసు. గోడ పగిలింది సారూ అంటే, గోడ వయసు అయిపోయింది పెద్దాయనా అన్నారు. మాకు గూడా వయసు అయింది, మేము పగల్లేదే అంటే ఎవరూ నవ్వలేదు. అదే గోడ మీద గూబ వాలేసరికి, ఈ గోడ కదలకూడదు అని ఇద్దరు ఇంజనీర్లు వచ్చి కొలతలు తీసుకొని పోయినారు.

కాలేషా దుకాణం సంగతి అడుగు. ఫోటోలకు అద్దాలు కట్టేవాడికి పేలుళ్ళ ఊళ్ళో బతుకేంది? మొన్న వచ్చి, "మామా, పెద్ద అద్దం ఒకటి తెచ్చి గోడకు ఆనిచ్చినా. ఇంకా నిలబడే ఉంది. రోజూ పొద్దున్నే పోయి అందులో నా ముఖం చూసుకుంటున్నా" అన్నాడు. ఊళ్ళో బాయి నీళ్ళు గూడా తేటపడినాయి. పసిబిడ్డలు మధ్యాహ్నం నిద్రపోతున్నారు. వాళ్ళ తల్లులు దేనికో భయపడి ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు.

అదంతా ఒక గూబ చలవ.

ఇంక మన ఇంటికి వచ్చిన నిబంధనలు చెప్తా ఇను. కుక్కరు విజిల్ వెయ్యకూడదు. మిద్దె మీద లైటు వెయ్యకూడదు. పొద్దుగూకినాక ఇంటికి ఎవరూ రాకూడదు. అటక తలుపు ఎవరూ తెరవకూడదు, సంస్థవాళ్ళు గూడా తెరవకూడదు. గుమ్మానికి ఒక బోర్డు కొట్టినారు. ఒక పక్క సిమెంటు బస్తా బొమ్మ, ఒక పక్క పిట్ట బొమ్మ, మధ్యలో నా పేరు. పేరు కింద సంరక్షకుడు అని.

నాకు శిక్షణ గూడా ఇచ్చినారు. తలుపు చప్పుడు కాకుండా ఎట్ల వెయ్యాల, దగ్గు వస్తే ఎట్ల దగ్గాల. ఆ శిక్షణ ఇచ్చింది ఎవరనుకున్నావు? గుట్ట పేల్చే కాంట్రాక్టరు. ఇప్పుడు వాడికి పని లేదు గదా, కంపెనీ వాణ్ణి ఇట్ల పంపింది. పాపం వాడికి చెవులు సరిగ్గా ఇనపడవు, అన్ని ఏండ్లు పేల్చి పేల్చి. "నిదానంగా మాట్లాడాల" అని నాకు చెప్పేది బజారు చివరిదాకా ఇనపడింది.

నవ్వు వస్తే నవ్వు. ఆపుకునేదేంది.

నాకు పోనుపోను ఆ పిట్ట మీద గౌరవం వచ్చింది. ఎలకలు లేకుండా చేసింది. పొద్దున లేస్తే అటక కింద చిన్న చిన్న ఎముకలు కుప్పగా ఉండేవి. సాయంత్రం పూట గుమ్మం పైకి వచ్చి కూర్చొని, బూ... హూ అని ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి. నేను కింద మంచం మీద కూర్చొని ఇనేవాణ్ణి. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. నీ లెక్క తిట్టేది గాదు అంతే తేడా.

గోడకు ఒక చిన్న పెట్టె కొట్టినారు. సాయంత్రం అయితే దానంతట అదే గూబ అరుపు పట్టుకుంటది. కెమెరా పెట్టలేదు. పిట్ట బెదురుతుందని వాళ్ళకు వాళ్ళే నిబంధన పెట్టుకున్నారు. కావ్య వారానికి ఒకసారి వచ్చి ఆ పెట్టెలోంచి అరుపులు తీసుకపోతది. అరుపులు ఉంటే గూబ ఉన్నట్టు. గూబ ఉంటే పేలుళ్ళు లేనట్టు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నా. మీ తమ్ముడు ఎక్కడ? పెరట్లో బర్రె దగ్గరనా? అక్కడనే ఉండనీ. ఆదెయ్య చెవిలో పడిందంటే స్టేషన్ మైకులో చెప్పినట్టే.

శివరాత్రికి మన ఊళ్ళో జాగారం చేసినారు. గుడి మీద పెద్ద మైకులు నాలుగు దిక్కులా కట్టినారు. తెల్లారిందాకా భజన. కంపెనీ మందుగుండుకు బెదరని పిట్ట, చిన్నయ్య భజన పాటకు బెదిరింది. అర కిలోమీటరు లోపల పేల్చకూడదన్నారు గాని, పాడకూడదని ఎవరు రాసుకున్నారు?

మరుసటి సాయంత్రం అరుపు లేదు. ఆ మరుసటి పొద్దు కింద ఎముకలు లేవు. అటక తలుపు తెరవకూడదని తెలుసు, అయినా నిచ్చెన వేసుకొని ఎక్కి చూసినా. రెండు ఈకలు, ఒక ఎలక తోక. అంతే. నల్లమల దిక్కు పోయి ఉంటది. ఎవరికీ మళ్ళా కనపడలేదు.

అవును. గూబ పోయింది. పోయి చాలా రోజులయింది.

ఆ బ్యాగు వదులు చెంచమ్మా. చెప్పడం ఇంకా అయిపోలేదు.

నీకు సంతోషంగానే ఉంటది. గడువు తీరింది, గూబ పోయింది, శాంతి చేయించి పాలు పొంగిస్తే అయిపాయె. నేనూ మొదట అదే అనుకున్నా. నీకు ఫోన్ చేద్దామని కాలేషా దుకాణంకాడికి పోయినా, మన ఇంట్లో సిగ్నలు రాదు గదా. కాలేషా నా ముఖం చూసి, "ఏమైంది మామా" అన్నాడు. పిట్ట పోయింది అన్నాను. వాడు నా వైపు చూడలేదు. గోడకు ఆనిచ్చిన ఆ పెద్ద అద్దం వైపు చూసినాడు.

అటు చూస్తానే అన్నాడు. "పోయిందని ఎవరు చెప్పాల మామా? పిట్ట పోయి చెప్పిందా వాళ్ళకు?"

"పెట్టెలో అరుపు ఉండదు గదరా" అంటిని.

"నువ్వు చదివినావు గదా మామా పిట్టల చదువు" అన్నాడు వాడు.

అంతే. నేను ఇంటికి వచ్చినా. ఆ సాయంత్రం అటకలోకి ఎక్కి కూర్చున్నా. కర్నూలు సారు చెప్పింది గుర్తు తెచ్చుకున్నా. గొంతులోంచి గాదు, ఇంకా కిందినుంచి. చేతులు దోసిలి పట్టి ఊదినా.

మొదట దగ్గు వచ్చింది. తర్వాత బర్రె అరిచినట్టు వచ్చింది. మూడో పొద్దుకు బాగానే కుదిరింది.

అట్ల చూడొద్దు. ఏం చెయ్యాల నేను? గోడ కూలిపోనియ్యాల్నా? ఆ ఇల్లు నీ పేరు మీదే ఉంది, నా పేరు మీద గూడా లేదు. నీ వంటింటి గోడ నిలబెట్టడానికి నేను ఈ వయసులో అటకలో గొంతుక్కూర్చొని అరుస్తున్నా.

కావ్యకు ఏ అనుమానం రాలేదు. వస్తే బాగుండు అని ఒక్కోసారి అనిపిస్తది. చెవులకు యంత్రం పెట్టుకొని అంతా ఇని, "తాతగారూ, ఇది ముసలి పక్షి. గొంతులో జీర వచ్చింది. ఒంటరిది. దేనికోసమో పిలుస్తోంది, ఎవరూ బదులు ఇవ్వడం లేదు" అన్నది. ఆ పిల్ల అంత సూటిగా చెప్పేసరికి నేను తుండుగుడ్డ తీసుకొని ముఖం తుడుచుకున్నా.

అక్కడితో అయిపోతే బాగుండు. ఆ మరుసటి వారం సాయంత్రం కావ్య వీధిలో నిలబడి ఒక స్పీకరు పెట్టి ఆడగూబ అరుపు వినిపించింది. జోడీ కోసం స్పందిస్తదేమో చూద్దామని. నేను పైన అటకలో ఉన్నా. పొద్దుగూకినాక ఇంట్లోకి రాకూడదు గదా, ఆ పిల్ల రాలేదు. ఆడగూబ అరిచింది. ఊరుకుంటే ఏమన్నా అనుకుంటారేమో అని నేను బదులిచ్చినా. అది మళ్ళా అరిచింది. నేను మళ్ళా బదులిచ్చినా. అట్ల శానాసేపు మాట్లాడుకున్నాం.

నీకు కోపం ఎందుకు? అది స్పీకరే.

కిందికి దిగి వచ్చేసరికి ఆ పిల్ల వీధిలోనే స్పీకరును ఎదకు హత్తుకొని ఉంది. "విన్నారా తాతగారూ, ఎంత ఆశగా పిలిచిందో" అన్నది. నా నెత్తి మీద సాలెగూడు ఉంది. దులుపుకొని, ఇన్నానమ్మా అన్నా. ఆ పిల్లను మోసం చేస్తున్నందుకు బాధే నాకు. అబద్ధం చెప్తూ ఎవరి ముఖమన్నా చూడొచ్చు గాని, సంతోషపడే మనిషి ముఖం చూడలేం.

ఇప్పుడు జోడీగా ఇంకో గూబను ఎక్కడినుంచో తెచ్చి వదుల్తామని అనుకుంటున్నారు. అది వచ్చి అటకలో నన్ను చూసి ఏం చేస్తదో, అది వేరే సంగతి.

కావ్యతో ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా సురేష్ తోనే. వాడికి గూబల గురించి ఏమీ తెలీదు గాని, మనుషుల గురించి తెలుసు. ఊళ్ళో టీ తాగుతా కూర్చొని అన్నీ ఇంటాడు. గూబ జొరబడిందని మాలకొండయ్య పెండ్లాం ఇల్లు వదిలి పోయిందంట, గూబ పోయిందాక రాదంట అని ఎవరో చెప్పినారు. అప్పటినుంచి వాడు అటక వైపు చూడడం మానేసినాడు. మన వాకిట్లో ముగ్గు ఉందా లేదా అని చూసి పోతాడు.

రోజూ అదే పలకరింపు. "మేడం ఎప్పుడొస్తున్నారు సార్?" పండక్కు వస్తదిలే అంటా. "చెప్పండి సార్, కారు పంపిస్తా. ఏసీ కారు. దొనకొండ ఎంతసేపు?" అంటాడు. ఇన్నేండ్లలో కంపెనీ మన గోడ పగులుకు గుప్పెడు సిమెంటు ఇయ్యలేదు, నీకు ఏసీ కారు పంపిస్తదంట.

పోయిన వారం ఇద్దరూ కలిసి మన వాకిట్లోనే మీటింగు పెట్టినారు. నా ముందరే. సురేష్ అన్నాడు, అరుపులు ఒకటే ఆధారం కాదు, స్థానిక ప్రజల సాంప్రదాయ జ్ఞానాన్ని గూడా లెక్కలోకి తీసుకోవాలి అని. కావ్యకు ఆ మాట భలే నచ్చింది. ఆ పిల్లకు వాడి మనసులో ఏముందో ఏం తెలుసు? అవును, ఈ ఇంటి అమ్మమ్మగారు ఇంకా దూరంగా ఉన్నారంటే పక్షి ఉన్నట్టే, ఆమె తిరిగి వచ్చిందంటే పక్షి వెళ్ళినట్టే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట మీదనే వాళ్ళ పొత్తు నిజంగా కుదిరింది.

అర్థమయిందా?

గూబ ఉందా లేదా అని చెప్పేది ఇప్పుడు గూబ గాదు. నువ్వు. నువ్వు మన గడపలో కాలు పెట్టిన పొద్దు సురేష్ పోయి గుట్ట మీద జెండా ఊపుతాడు. మరుసటి మధ్యాహ్నానికి పేలుళ్ళు. వంటింటి గోడ ఈసారి క్యాలెండరుతో ఆగదు.

ధైర్యం తెచ్చుకొని వచ్చినానని చెప్తావా? గూబ ఉన్నా వచ్చినా అని? ఎవరు నమ్ముతారే? మన ఊళ్ళో నిన్ను తెలీనోళ్ళు ఎవరు? బల్లి భుజం మీద పడితే తలస్నానం చేస్తావు, పడనప్పుడు గూడా పడిందేమో అని చేస్తావు. నిన్ను చూడంగానే ఊరంతా, గూబ పోయిందన్నమాట అని ఒకే మాట అంటారు. గూబ ఉంది అని కంపెనీ కాగితాల్లో రాసినా నమ్మరు.

అందుకని వచ్చినా. తీసుకపోను గాదు. రావద్దని చెప్పను వచ్చినా.

చెప్పేసినా. రైలులో గజ్జెలకొండ దగ్గర ఆగినంతసేపూ ఈ ఒక్క ముక్క నోట్లో పెట్టుకొని కూర్చున్నా.

ఎన్నాళ్ళా? నాకేం తెలుసు. గుట్ట తవ్వేదానికి కంపెనీకి ఇచ్చిన గడువు తీరేదాకా అనుకో. దానికి శానా ఏండ్లు ఉంది. నా ఊపిరి అన్నాళ్ళు ఉంటదో లేదో. కాలేషా నేర్చుకుంటా అన్నాడు గాని వాడిది సన్న గొంతు. మైనా లెక్క వస్తది.

ఊరోళ్ళు ఏమనుకుంటారని నాకు లేదు. వాళ్ళకు తెలీదు గూడా. పేలుళ్ళు లేవు, వాళ్ళ కంచాలు ఎగరడం లేదు. నీకు చెప్పకుండా ఉందామనే అనుకున్నా. కాని రోజూ సాయంత్రం ఆ చీకట్లో కూర్చొని పిలుస్తుంటే... ఏం లేదులే. దుమ్ముకు కళ్ళు మండుతాయి, అంతే.

నువ్వొస్తే గోడ ఉండదు. గోడ ఉండాలంటే నువ్వు రాకూడదు. ఇట్లాంటి లెక్క మా సారు గూడా చెప్పలేదు నాకు.

ఏంది? ఏమంటివి? అంతా కతలా? నేను అరిచేది అబద్ధమా? ఇంకెవర్నో పెట్టుకొని నిన్ను రావద్దంటున్నానా? డెబ్బై దాటినోడికి ఇంకెవరు వస్తారే, గూబ గూడా స్పీకరులోనే వచ్చింది.

నమ్మవా? నమ్మవు. కావ్య నమ్మింది, కంపెనీ నమ్మింది, కట్టుకున్నదానివి నువ్వు నమ్మవు. సరే. పొద్దుగూకుతా ఉంది గదా. దీని వేళ గూడా ఇదే. ఇట్ల చూడు. చేతులు దోసిలి పట్టాల, బొటనవేళ్ళ మధ్య కొంచెం సందు. గాలి కడుపులోంచి రావాల.

బూ... హూ.

ఆగు. కొంచెం ఆగాల, అది గూడా ఆగేది.

బూ... హూ.

ఎట్లుంది? నవ్వితివే. ఇల్లు వదిలినాక ఇదే నువ్వు నవ్వడం. కొంగు అడ్డం పెట్టుకునేదేంది, నవ్వు. ఇంకోసారి అరుస్తా ఉండు, ఈసారి జోడీని పిలిచేది.

ఆ కుక్క ఎందుకు మొరుగుతోంది? ఎదురింటోళ్ళు తలుపు వేసుకున్నారేంది? ఇంకా ఇంత వెలుతురు ఉంది గదా.

పెరట్లో బిందె పడినట్టుంది.

ఆఁ, ఆదెయ్యా. ఏమైందబ్బా అట్ల ఉరికొస్తివి? నాకా? ఆఁ, నాకూ ఇనపడింది. ఎక్కడినుంచి అంటే... పైనుంచే అనుకుంటా. మిద్దె మీద ఉన్నట్టుంది.

ష్, ఊరుకో చెంచమ్మా. చెప్పొద్దు. చెప్తే రేపటికల్లా మార్కాపురం దాకా పోతది, ఎల్లుండికి సురేష్ చెవిలో పడతది. నీ గోడ గుర్తు పెట్టుకో.

ఆదెయ్యా, తొందరపడొద్దు. పంతుల్ని అడుగుదాం. ఏంది, అడిగేదేమీ లేదా? అక్క ఇంట్లో జొరబడిందే వెతుక్కుంటా ఇక్కడికి వచ్చిందా? అట్ల గూడా అయి ఉంటది, కాదనను. బర్రెను ఎందుకు విప్పుతున్నావు? దర్శి ఊరికి పోతారా? ఇప్పుడే? పాడుబెట్టేది పెట్టుదువులే, తెల్లారనీ. పోయినాడు. ఇంట్లో పెట్టెలు లాగుతున్న చప్పుడు.

ఇప్పుడు నిన్ను ఎక్కడ ఉంచాలే? ఇక్కడ ఉండను లేదు, అక్కడికి రాను లేదు.

వస్తున్నాడు, వస్తున్నాడు. నా ముఖం చూడొద్దు, కనిపెడతాడు. పైకి చూడు. నువ్వు గూడా పైకే చూడు.